మెత్తగా ఊదడమే కష్టం

పోయిన నెల ఈ శీర్షికలో ఆర్కెస్ట్రా ఇత్తడి మేళం గురించి నాలుగు ముక్కలు రాశాను. వయొలిన్లు, ఫ్లూట్లు ఏవీ లేకుండా ట్రంపెట్లు, హారన్లు, ట్రాంబోన్లు, ట్యూబా మాత్రమే కలిసి పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వాయించే పద్ధతి అది. ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. నల్లగొండ, పాలమూరు వైపు నుంచే ఎక్కువ వచ్చాయి. నేను ఆర్మీ బ్యాండులో 22 ఏళ్లు యుఫోనియం, అంటే చిన్న ట్యూబాలాంటి వాయిద్యం, ఊదాను. అంతకు ముందు మా నాయన ఊదే పెండ్లి బ్యాండు వెంట తల మీద పెట్రోమాక్స్ లైటు పెట్టుకుని నడిచాను. ఆ రెండు చోట్లా నేర్చుకున్నదాన్ని బట్టే ఈ జవాబులు.

*తాతయ్య గారూ, మీరు రాసింది చదివి ఫోన్లో ఒక ఇత్తడి మేళం కచేరీ చూశాను. పది మందే ఉన్నారు. మధ్యలో ఒక చోట అందరూ కలిసి ఎంత మెల్లటి శబ్దంతో వాయించారంటే నాకు ఏడుపొచ్చేసింది. మా నాన్న పక్క నుంచి చూసి, "ఇది మన పెండ్లి బ్యాండే కదా, సూట్లు వేసుకున్నారంతే" అన్నారు. నిజంగా తేడా ఏమిటి?*
– డిగ్రీ విద్యార్థిని, మిర్యాలగూడ

బిడ్డా, మీ నాన్న అన్నదాంట్లో తప్పు లేదు. పెదవులు బిగించి మౌత్‌పీస్‌లోకి ఊదితే పెదవులు అదురుతాయి. ఆ అదురుకు గొట్టంలో ఉన్న గాలి పలుకుతుంది. గుళ్లో శంఖమైనా, జాతరలో కొమ్ము బూరైనా, బరాత్‌లో ట్రంపెట్టైనా, బెర్లిన్ ఆర్కెస్ట్రాలో ట్రాంబోనైనా నోటి దగ్గర జరిగే పని ఇదొక్కటే. గొట్టాల కొలతలు కూడా అవే. చుట్టలన్నీ విప్పి సాగదీస్తే ట్రంపెట్ దాదాపు 5 అడుగులు, ట్రాంబోన్ 9, ఫ్రెంచ్ హారన్ 12, పెద్ద ట్యూబా 18 అడుగులు వస్తుంది. మీరట్‌లో చేసినా జర్మనీలో చేసినా ఈ లెక్క మారదు.

మారేది వాయించే చోటు. పెండ్లి బ్యాండు రోడ్డు మీద నడుస్తూ ఊదుతుంది. పక్కన జనరేటర్ మోత, వెనక డ్రమ్ములు, ముందు పటాకులు. పక్క గల్లీలో మంచం పట్టిన ముసలమ్మకు కూడా ఫలానా వాళ్లింట్లో పెండ్లి అని తెలియాలి. అందుకని మొదటి నుంచి చివరిదాకా ఒకటే జోరు ఉంటుంది. అది వాళ్లకు చేతగాక కాదు, వాళ్లకు అప్పజెప్పిన పనే అది. ఇత్తడి మేళం నాలుగు గోడల మధ్య కూర్చుంటుంది. అక్కడ పది మందీ ఒకరినొకరు వింటారు. నీకు ఏడుపొచ్చిన చోటు పుట్టేది ఆ వినడంలోనే.

నాకు చాలా ఇష్టమైన సంగతి ఒకటి చెబుతాను. పాశ్చాత్య సంగీతంలో "ఇక్కడ మెల్లగా", "ఇక్కడ గట్టిగా" అని అచ్చులో రాసి ఇచ్చిన తొలి రచనల్లో ఒకటి చాలావరకు ఇత్తడి కోసం రాసిందే. వెనిస్‌లో సెయింట్ మార్క్ చర్చిలో పనిచేసిన జొవాన్నీ గాబ్రియేలీ 1597లో దాన్ని అచ్చు వేయించాడు. దాని పేరే 'సొనాటా పియాన్ ఎ ఫోర్టే', అంటే మెల్లగానూ గట్టిగానూ అని. మొత్తం ఎనిమిది మంది, నలుగురు ఒక జట్టు, నలుగురు ఇంకో జట్టు. ఆ ఎనిమిది మందిలో ఆరుగురు ట్రాంబోన్లవాళ్లే. ఒక జట్టు విడిగా వాయిస్తుంటే మెల్లగా, రెండు జట్లు కలిసినప్పుడు గట్టిగా. ఆ చర్చిలో ఎదురెదురుగా ఎత్తయిన వేదికలు ఉంటాయి. ఒక వైపు పలికింది అటు వైపు గోడకు తగిలి తిరిగొస్తుంది. నల్లగొండ దగ్గరి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి ఎప్పుడైనా వెళ్తే, మూడు గర్భగుడుల మధ్య ఉన్న మండపంలో నిలబడి మంద్రంలో ఒక్క "సా" పట్టి చూడు. నేనేం చెబుతున్నానో చెవులకే తెలుస్తుంది. గట్టిగా అరిస్తే మాత్రం గందరగోళమే మిగులుతుంది.

మెల్లగా ఊదడం ఎందుకంత కష్టమంటే, గాలి తగ్గిస్తే పెదవుల అదురు ఆగిపోతుంది. స్వరం మధ్యలో తెగుతుంది. లేదంటే శ్రుతి కిందికి జారుతుంది. జోరుగా ఊదేటప్పుడు ఎన్ని లోపాలున్నా జోరులో కొట్టుకుపోతాయి, మెల్లగా ఊదేటప్పుడు దాచుకోవడానికి చోటే ఉండదు. పచ్‌మఢీలో సైనిక సంగీతం నేర్చుకునే రోజుల్లో మా ఉస్తాదు ఆరుగురిని ఒక గదిలో కూర్చోబెట్టి, గోడ గడియారం టిక్కు టిక్కు మనడం వినపడేటట్టుగా అందరూ కలిసి ఒక్క స్వరం పట్టమన్నాడు. మొదటి రోజు పది లెక్కపెట్టేలోపే ఎవరిదో ఒకరిది తెగింది. రెండో రోజు అంతే, మూడో రోజూ అంతే. పొట్ట కండరాలు నొప్పి పుట్టాయి. పదకొండో రోజున ఆరుగురం ఒకేసారి ఊపిరి తీసుకుని మొదలుపెట్టాం. స్వరం నిలబడింది. దాని కింద నుంచి గడియారం వినపడింది. ఉస్తాదు ఏమీ అనలేదు, లేచి కిటికీ తెరిచాడు. ఆ రోజు నాకు దొరికిన సంతోషం తర్వాత ఏ పరేడ్‌లోనూ దొరకలేదు.

మీ నాన్నతో కలిసి వినడానికి రెండు చెబుతాను. డ్వోర్జాక్ అనే చెక్ స్వరకర్త 1893 నాటి తొమ్మిదో సింఫనీలో రెండో భాగం మొదలు. అక్కడ ఇత్తడి వాయిద్యాలు ఎంత మెత్తగా వస్తాయంటే, తెల్లారకముందు చెరువు మీద మంచు లేచినట్టుంటుంది. ఆ తర్వాత జర్మన్ స్వరకర్త బ్రామ్స్ మొదటి సింఫనీ. అందులో ట్రాంబోన్లవాళ్లు మూడు భాగాలు నోరు మెదపకుండా కూర్చుంటారు. నాలుగో భాగంలో ఒక చోట తొలిసారి నాలుగు మాటలు మెల్లగా పలుకుతారు. అంతసేపు చల్లారిన పెదవులతో ఆ మెత్తదనం తేవడం ఎంత పనో ఊదినవాళ్లకే తెలుసు.

మీ నాన్నకు ఇంకో మాట కూడా చెప్పు. బరాత్‌లో నాలుగు గంటలు నడుస్తూ ఊది, ఇంటికొచ్చి వాచిన పెదవులకు నువ్వుల నూనె రాసుకుని పడుకునే మా నాయనలాంటి వాళ్లకు ఆ సూటువాళ్లు కూడా తల వంచి నమస్కారం పెట్టాలి. నేను పెడతాను.

*సార్, శాక్సఫోన్ కూడా ఇత్తడిదే కదా. మరి ఇత్తడి మేళంలో దాన్ని ఎందుకు కూర్చోబెట్టరు?*
– దేవరకొండ

ఒళ్లు ఇత్తడిదే గానీ నోట్లో పెట్టుకునేది రీడు. సన్నాయికి పీక ఉన్నట్టు దానికి సన్నని రెల్లు ముక్క ఉంటుంది, అదురేది అదే. ఇత్తడి కుటుంబంలో చేరాలంటే అదరాల్సింది మనిషి పెదవి. అందుకే శాక్సఫోన్ను క్లారినెట్ పక్కన కూర్చోబెడతారు. కొమ్ముతో చేసినా, రాగితో చేసినా, ఆఖరికి సముద్రపు గవ్వ అయినా పెదవితో పలికితే ఈ కుటుంబమే. ఆ లెక్కన శంఖం ట్రంపెట్టుకు పెద్దమ్మ.

*అన్నా, మా బాబుకు 13 ఏళ్లు. స్కూలు బ్యాండులో ట్రంపెట్ ఇచ్చారు. మాది ఫ్లోరైడ్ నీళ్ల ఊరు. వాడి ముందు పండ్ల మీద పసుపు, గోధుమ రంగు చారలున్నాయి. ఎవరో "ఈ పండ్లతో ట్రంపెట్ రాదు, వేరే వాళ్లకు ఇచ్చెయ్" అన్నారట. వాడు రెండు రోజుల నుంచి సరిగ్గా అన్నం తినడం లేదు.*
– ఒక తండ్రి, మర్రిగూడ మండలం

తమ్మీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బాబును పిలిచి ఈ ముక్క వాడికే చదివి వినిపించు.

బాబూ, నా ముందు పండ్ల మీద కూడా ఆ చారలే ఉన్నాయి. మా ఊరి బోరు నీళ్ల గుర్తు అది. ఆర్మీ బ్యాండుకు ఎంపిక చేసిన రోజు ఉస్తాదు నా పై పెదవి ఎత్తి చూశాడు. నా గుండె జారిపోయింది, ఇక ఇంటికి పంపిస్తాడనుకున్నాను. ఆయన వేలితో ముందు పండ్లను మెల్లగా అటూ ఇటూ కదిపి చూశాడు. కదల్లేదు. "గట్టిగా ఉన్నాయి, చాలు" అన్నాడు. రంగు గురించి మాట కూడా ఎత్తలేదు. ఆ పండ్లతోనే 22 ఏళ్లు ఊదాను.

తమ్మీ, ఇప్పుడు నీకు. ఫ్లోరైడ్ చారలు పండ్లు చిగురు లోపల తయారవుతున్నప్పుడు, అంటే చిన్నతనంలో పడతాయి. ట్రంపెట్ ఊదడం వల్ల అవి పెరగవు. చూడాల్సింది రంగు కాదు, గట్టిదనం. కొందరు పిల్లలకు పై పొర గుంటలు పడి పెళుసుగా ఉంటుంది. చల్లని నీళ్లు తగిలితే జివ్వుమంటుందా, అంచులు రాలుతున్నాయా, పండు కదులుతోందా అని ఒకసారి పండ్ల డాక్టరుకు చూపించు. మౌత్‌పీస్ పెట్టుకునే పనికి అని ముందే చెప్పు. మెడ, మోకాళ్లు పట్టేసినట్టు ఉంటున్నాయంటే అది వేరే సంగతి, పెద్ద డాక్టరుకు తప్పకుండా చూపించాలి.

ఇక ఊదే పద్ధతి. ట్రంపెట్ మౌత్‌పీస్ బయటి అంచు మన పది రూపాయల బిళ్లంత ఉంటుంది. అంత చిన్న చోట బలమంతా మోపి నొక్కితే ఎంత మంచి పండ్లకైనా ముప్పే. పై స్వరాలు రావాలని పిల్లలు చేసే మొదటి తప్పు అదే, పెదవికి బదులు చేతులతో స్వరం ఎక్కించాలని చూస్తారు. ట్రంపెట్‌ను ఎడమ అరచేతిలో చాపినట్టు పెట్టుకుని, వేళ్లతో పట్టుకోకుండా ఊదమను. నొక్కడానికి పట్టే ఉండదు గనుక పెదవి తన పని తాను నేర్చుకుంటుంది. రెండు నిమిషాలు ఊదితే రెండు నిమిషాలు ఆపాలి. మొదటి మూడు నెలలు రోజుకు పావుగంట ఊదితే చాలు. డాక్టరు పండ్లు పెళుసు అంటే మాత్రం యుఫోనియం గానీ ట్రాంబోన్ గానీ అడుగు. వాటి మౌత్‌పీస్ వెడల్పు ఎక్కువ, బరువు ఒక్క చోట పడదు. అవి తక్కువ వాయిద్యాలేమీ కావు, నేను ఊదింది యుఫోనియమే.

పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి 'నల్లగొండ పద్ధతి' అని పేరు. నాగపూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించారు, ఆఫ్రికాలో టాంజానియా, ఇథియోపియా దాకా వెళ్లింది. మన జిల్లా పేరు లోకానికి తెలిసింది మన పిల్లల పండ్లు పాడైనందుకు. అది తలచుకున్నప్పుడల్లా నాకు కడుపులో మెలిపెట్టినట్టు అవుతుంది. అందుకే చెబుతున్నాను, ఆ ట్రంపెట్ వాడి చేతిలోంచి పోనివ్వకు. స్కూలుకు నువ్వే వెళ్లి, డాక్టరు చీటీ చూపించి మాట్లాడు.

*సార్, మాది పెండ్లి ఆర్కెస్ట్రా. జనవరిలో మా ట్రంపెట్లు క్యాసియో కీబోర్డుతో చక్కగా కలుస్తాయి. మే నెల బరాత్‌లలో కలవవు, టెన్షన్ పెడతాయి. ఎండకు ఇత్తడి సాగడం వల్లనా?*
– నకిరేకల్

చాలామంది అలాగే అనుకుంటారు. ఇత్తడి సాగితే గొట్టం పొడుగై శ్రుతి కిందికి పోవాలి కదా. మీది పైకి పోతోంది, జాగ్రత్తగా విని చూడండి. కారణం లోపలి గాలి. 20 డిగ్రీల గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతే, 40 డిగ్రీల గాలిలో 355 దాకా పోతుంది. గొట్టం అదే, వేగం పెరిగింది కాబట్టి స్వరం పైకెక్కుతుంది. ఇత్తడి సాగేది ఇసుమంత, లెక్కలోకి రాదు. క్యాసియోకు ఎండైనా వానైనా ఒకటే గనుక అది అక్కడే నిలబడుతుంది, మీరు ఎక్కిపోతారు.

ట్యూనింగ్ స్లైడు, అంటే శ్రుతి సరిచేసే జారుడు గొట్టం, బయటికి లాగండి. ఒక సెంటీమీటరు లాగితే రెండు వైపులా కలిపి గొట్టం రెండు సెంటీమీటర్లు పెరుగుతుంది. ఇంట్లో చూసుకున్న శ్రుతి రోడ్డు మీద పనికిరాదు, బరాత్ మొదలయ్యే చోటే పది నిమిషాలు ఊది వేడెక్కించి అప్పుడు చూసుకోండి. వాయిద్యాలను జీపు బానెట్ మీద పెట్టే అలవాటు మానండి. తడి గుడ్డ కప్పి నీడలో ఉంచండి.

*మాస్టర్ అన్నా, మాది ఎనిమిది మంది బ్యాండు. ట్రంపెట్లు మూడు, యుఫోనియాలు రెండు, ట్రాంబోన్ ఒకటి, డ్రమ్ములు ఇద్దరు. డీజేలు వచ్చాక పని సగానికి పడిపోయింది. ఆషాఢం, మూఢం రోజుల్లో ఖాళీగానే ఉంటున్నాం. మీరు రాసిన ఇత్తడి మేళం సంగీతం నేర్చుకోవాలని మా పిల్లలకు ఆశ పుట్టింది. నొటేషన్ ఎవరికీ రాదు. మొదలుపెట్టొచ్చా?*
– బ్యాండ్ మాస్టర్, జడ్చర్ల

తమ్ముడూ, తప్పకుండా మొదలుపెట్టు. ఇంగ్లండులో ఇత్తడి బ్యాండ్లను నిలబెట్టింది బొగ్గు గనుల్లో, నూలు మిల్లుల్లో పని చేసినవాళ్లు. పొద్దంతా కష్టపడి సాయంత్రం వచ్చి ఊదేవారు. రష్యాలో విక్టర్ ఎవాల్డ్ అనే ఆయన పీటర్స్‌బర్గ్‌లో సివిల్ ఇంజినీరింగ్ పాఠాలు చెప్పే ప్రొఫెసరు. ఇత్తడి ఐదుగురి మేళానికి ఆయన రాసినవి ఈ రోజుకీ ప్రపంచమంతా వాయిస్తారు. ఈ సంగీతానికి పుట్టుకతో హక్కుదారులంటూ ఎవరూ లేరు.

ఐదుగురి మేళం అంటే రెండు ట్రంపెట్లు, ఒక హారన్, ఒక ట్రాంబోన్, ఒక ట్యూబా. హారన్ మీ దగ్గర లేదు, ఆ వరస ఒక యుఫోనియానికి ఇవ్వు, బాగా కుదురుతుంది. మూడో ట్రంపెట్ అబ్బాయి ఒక్కోసారి ఒకరి బదులు కూర్చుంటాడు. ట్యూబా, మనవాళ్లు బేస్ అంటారే, అదొక్కటే నిజమైన లోటు. ప్రస్తుతానికి రెండో యుఫోనియం అబ్బాయిని ఎంత కిందికి పోగలడో అంత కింద ఊదమను. డ్రమ్ముల వాళ్లను పంపించొద్దు. అమెరికా స్వరకర్త కోప్లాండ్ 1942లో రాసిన 'ఫ్యాన్‌ఫేర్ ఫర్ ది కామన్ మ్యాన్' పెద్ద డ్రమ్ము దెబ్బతోనే మొదలవుతుంది. దెబ్బ పడ్డాక నిశ్శబ్దాన్ని లెక్కపెడుతూ ఆగడం వాళ్లు నేర్చుకోవాల్సిన విద్య.

నొటేషన్‌కు భయపడకు. ముందు ఇది చెయ్యి. ట్రంపెట్‌లో వేళ్లతో నొక్కే మూడు మీటల్లో, అంటే పిస్టన్లలో, దేన్నీ నొక్కకుండా పెదవి బిగువు మాత్రం మారుస్తూ కింది నుంచి పైకి ఊదితే స ప స గ ప అని వస్తాయి. పోలీసు బిగిల్‌కు పిస్టన్లే ఉండవు కదా, అది వాయించే పిలుపులన్నీ ఈ ఐదు మెట్ల మీదే. పేర్లు మూడే, స గ ప. 1818లో జర్మనీలో పిస్టన్‌కు పేటెంట్ తీసుకునేదాకా ట్రంపెట్లు, హారన్లు చాలావరకు ఈ మెట్ల మీదే బతికాయి. నడిమి పిస్టన్ అర స్వరం దింపుతుంది, మొదటిది రెండు అర స్వరాలు, మూడోది మూడు. ఇంతే దాని కిటుకు.

మనకు చుట్టరికం కూడా ఉంది. ముత్తుస్వామి దీక్షితులు మద్రాసు దగ్గర ఉన్న రోజుల్లో ఈస్ట్ ఇండియా కంపెనీ వాళ్ల బ్యాండు వాయించే వరసలు విని, వాటికి సంస్కృతంలో సాహిత్యం రాశారు. వాటిని నోట్టుస్వరాలంటారు, అన్నీ శంకరాభరణంలోనే. సంగీతం నేర్చుకునే చిన్న పిల్లలు పాడే 'శక్తిసహిత గణపతిం' వాటిలోదే. బ్యాండు నుంచి పుట్టిన వరసను తిరిగి బ్యాండులోకి తెచ్చుకోవడమే కాబట్టి మొదటి పాటగా అది పెట్టుకో. గమకాలు లేవు, పిస్టన్లకు హాయిగా వస్తుంది. తెలుగులో స్వరాలు రాసుకుని నేర్చుకోండి. చర్చి కొయ్యిరులో పాడేవాళ్లెవరైనా మీ దగ్గర ఉంటే, గీతల నొటేషన్ చదవడం మూడు నెలల్లో నేర్పుతారు.

ఇప్పుడు అసలు పని, దీని కోసమే ఇంత రాశాను. గుండ్రంగా కూర్చోండి, వరసగా వద్దు. ఒకరి కళ్లు ఒకరికి కనపడాలి. కింద "సా" ఒకరు పట్టాలి. అది నిలబడ్డాక దాని మీద "పా". ఆ రెంటి మధ్య అంతర గాంధారం పెట్టండి. ఇక్కడ ఆగు. క్యాసియోలో నొక్కిన గాంధారం కన్నా ఇది వెంట్రుకవాసి తక్కువగా ఉండాలి. ఎంత తక్కువ అని మిషను చెప్పనక్కర్లేదు. ట్రాంబోన్ అబ్బాయికి గాంధారం ఇచ్చి స్లైడును రవ్వంత రవ్వంత లోపలి నుంచి బయటికి జరపమను. ఒక చోటికి రాగానే గాలిలో గరగర ఆగిపోతుంది, ఎవరూ ఊదని ఇంకో స్వరం పైన సన్నగా వినపడుతుంది. ఆ చోటు దొరికినప్పుడు పిల్లలు వాయించడం ఆపి ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మా జట్టులోనూ అదే జరిగింది.

ఆ తర్వాత అదే కూర్పును గట్టిగా మొదలుపెట్టి, మెల్లమెల్లగా తగ్గించుకుంటూ, బయట రోడ్డు మీద పోయే సైకిల్ గంట వినపడేదాకా రండి. తెగితే మళ్లీ మొదటి నుంచి. ఒక ఆషాఢమంతా ఇదొక్కటే చేసినా నష్టం లేదు. శ్రావణంలో పెండ్లిళ్లు మొదలయ్యాక మీ బ్యాండు విన్నవాళ్లే తేడా చెబుతారు. అప్పగింతల వేళ జోరు తగ్గించి మెత్తగా ఊదే బ్యాండు ఎక్కడుంది అని అడుగుతూ వస్తారు. అది డీజే పెట్టె చేయలేని పని.

*అన్నయ్యా, మా బాపు బ్యాండులో పెద్ద బేస్ ఊదేవాడు. ఆయన పోయి పదకొండేళ్లయింది. ఆ బేస్ అటక మీద దుప్పటి చుట్టి ఉంది. మొన్న దించితే చిలుము పట్టి పచ్చగా ఉంది, మీటలు కదలడం లేదు. పాత సామాన్లవాడు కిలోల లెక్కన అడుగుతున్నాడు. చింతపండు పెట్టి తోమి ఇంట్లో పెట్టుకోవాలా, ఇచ్చేయాలా?*
– గృహిణి, వనపర్తి

చెల్లె, కిలోల లెక్కన మాత్రం ఇవ్వకు. ఆ మాట చదవగానే నా ప్రాణం ఉసూరుమంది.

చింతపండు బిందెలకు బాగుంటుంది, వాయిద్యానికి వద్దు. ఆ పులుపు లోపలి గొట్టాల్లోకి, పిస్టన్లలోకి దిగితే ఇత్తడిని తినేస్తుంది. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం కదా. జింకు పోయిన చోట ఎర్రగా మచ్చ పడి అక్కడ పెళుసవుతుంది. గోరువెచ్చని నీళ్లలో కాస్త సబ్బు కలిపి మెత్తని గుడ్డతో పైపైన తుడువు. చిలుము ఒంటికి మంచిది కాదు, పని అయ్యాక చేతులు కడుక్కో. శుభ్రమయ్యేదాకా పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడు. మీటల కింద ఉన్న చిన్న మూతలు చేతితో తిరిగితే తిప్పి తీయి, తిరగకపోతే వదిలెయ్. పై నుంచీ కింది నుంచీ నాలుగేసి చుక్కలు వాల్వ్ ఆయిల్ వేసి రాత్రంతా ఉంచు. పొద్దున బొటనవేలితో మెల్లగా నొక్కి చూడు. పట్టుకారు, సుత్తి దాని దగ్గరికి రానివ్వకు. అప్పటికీ కదలకపోతే హైదరాబాదులో వాయిద్యాలు బాగుచేసేవాళ్లకు పని.

మీ బాపు ఊదిన వాయిద్యం గురించి నీకు ఒకటి తెలియాలి. పైన డ్వోర్జాక్ సింఫనీ అని రాశాను చూడు, ముప్పావు గంట దాకా సాగే ఆ సంగీతంలో ట్యూబా ఊదే ఆయన వాయించేది ఒక్క రెండో భాగంలోనే, అదీ గుప్పెడు స్వరాలు. వాటి కోసం మొత్తమంతా కూర్చుంటాడు. ఆయన లేకుండా వాయిస్తే ఆ మెత్తదనం కింద నేల ఉండదు. మా నాయన బ్యాండులో బేస్ ఊదిన పెద్దాయన్ను ఎవరూ చూసేవారు కాదు, పిల్లలంతా ట్రంపెట్ చుట్టూనే. కానీ ఆయన ఊపిరి తీసుకోవడానికి ఒక్క దరువు ఆపితే ముందు నడిచే లైట్ల వాళ్లకు కూడా అడుగు తడబడేది. నాకు ఆ తడబాటు తల మీది బరువుతో సహా గుర్తుంది.

పై ఉత్తరం చూశావా? జడ్చర్లలో ఆరుగురు ఇత్తడి ఊదే పిల్లలున్నారు, బేస్ లేదు. వనపర్తి నుంచి ఎంత దూరం, బస్సులో ఒక పూట ప్రయాణం. అమ్మమని చెప్పను. కాగితం రాయించుకుని వాడుకోవడానికి ఇవ్వు, బాగుచేయించే ఖర్చు వాళ్లు పెట్టుకుంటారు. నీకు సమ్మతమైతే పత్రిక ఆఫీసుకు కార్డు ముక్క రాయి, ఆ బ్యాండ్ మాస్టర్‌ను నీ ఇంటికి నేనే వెంటబెట్టుకొస్తాను.

మౌత్‌పీస్ మాత్రం ఇవ్వకు. సబ్బు నీళ్లలో కడిగి, తుడిచి నీ దగ్గరే ఉంచుకో. మీ బాపు పెదవి ఆనింది దానికే. వాళ్లకు కావలసిన బేస్ మౌత్‌పీస్ నా పెట్టెలో ఒకటి అదనంగా ఉంది, వచ్చేటప్పుడు తెస్తాను.